మైదానం దాటే వరస

కేప్‌టౌన్,
ఆగస్టు చివరి ఆదివారం.

నా చిట్టి తండ్రి కర్ట్‌లీకి అమ్మ ముద్దులతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, చెల్లి టామ్‌లిన్ వేళకు తింటున్నాం, జ్వరాలూ జలుబులూ లేవు. అక్కడ నువ్వూ, ఐసాక్ మామయ్యా, అత్తయ్యా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఏ పుస్తకం దొరికినా ముందు చివరి పేజీ చదవడం నీకు అలవాటు. ఈ ఉత్తరం మాత్రం అలా చదవకు నాన్నా. నేను రాసిన వరసలోనే చదువు.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే మామయ్య నిన్నే చెయ్యి పెట్టి పిల్లను లాగమన్నాడనీ, లాగేశాక నువ్వు కంచె అవతలికి పోయి వాంతి చేసుకున్నావనీ చదివి టామ్‌లిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది. ఆ ముక్క నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. గొర్రెపిల్లకు నీ పోలికలే వచ్చాయా అని అడగమంది.

ఈ చలికాలం రాత్రి బకెట్లో నీళ్ళు గడ్డకడుతున్నాయన్నావు. మీ నాన్న ఉన్నికోటు నీ సంచీలో అడుగున పెట్టాను, చూసుకోలేదా? పోయినవాళ్ళ బట్టలని సంకోచపడకు. నువ్వు వేసుకుంటే ఆయనకు ఆనందమే. నా మోకాలి నొప్పి ఎక్కడికీ పోలేదు, నాతోనే ఉంది. ఇంటి కప్పు ఇంకా కారుతోందా అని అడిగావు. హౌసింగ్ ఆఫీసు వాళ్ళు వచ్చారు. తల పైకెత్తి చూసి, "అవునమ్మా, కారుతోంది" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఇంక నువ్వడిగినవి కొన్ని మిగిలాయి. సలీ బూటా నన్నింకా 'చిల్లు గోల్‌కీపర్' అనే తలుచుకుంటున్నాడా అన్నావు. ఎల్రాయ్ ఒక్క ఉత్తరానికీ జవాబివ్వడమ్మా, నేను వెళ్ళిపోయానని అలిగాడా అన్నావు. సెప్టెంబరు సెలవులకు ఇంటికి వచ్చేయనా అన్నావు. వీటన్నిటికీ జవాబు ఒక్కటే. ఫోన్లో చెప్దామనుకున్నాను. కానీ మీకు సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి, ఎక్కినా గాలిహోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. గొంతు చించుకుని అరుస్తూ చెప్పే సంగతి కాదిది.

నువ్వు వెళ్ళేనాటికి మా బడి వరస మొదలై ఎక్కువ కాలం కాలేదు. పిల్లలు బడికి వెళ్ళాలంటే మైదానం దాటాల్సిందే. ఇవతల మన బ్లాకుల ముఠా, అవతల రైలుపట్టాల ముఠా. ఎప్పుడు కాల్చుకుంటారో వాళ్ళకే తెలీదు. అందుకని సలీ బూటా బస్సు డ్రైవరుగా రిటైరవగానే ఇంటింటికీ తిరిగి, నారింజరంగు కోట్లు తెచ్చి మాచేత తొడిగించాడు. ముందు ఆయన, మధ్యలో చేతులు పట్టుకుని పిల్లలు, చివర నేను, పక్కన ఎల్రాయ్ వాళ్ళమ్మ, మీ బెర్నడీన్ ఆంటీ. "ఇది కూడా బస్సేనమ్మా, టైర్లు లేవంతే. దారిలో ఎవరూ దిగకూడదు" అనేవాడు. వరస కదిలిందంటే రెండు వైపులా కుర్రాళ్ళు తుపాకులు చొక్కాల కింద దాచేసేవాళ్ళు. ఆయన పోయి వాళ్ళ పెద్దలతో మాట్లాడి వచ్చాడు మరి. బడి వేళకు కాల్పులుండవని ఒప్పించాడు. అందరూ బూటా, అన్నా అనే పిలిచేవాళ్ళు, ఊళ్ళో అందరికీ ఆయన పెద్దన్నే. వాళ్ళల్లో సగంమందిని చిన్నప్పుడు తన బస్సులో టికెట్ లేకుండా ఎక్కించుకున్నవాడు కదా.

ముఠావాళ్ళు నీకూ ఎల్రాయ్‌కీ ఒక సంచీ ఇచ్చి దాచమన్నారు, నువ్వు వచ్చి నాకు చెప్పావు, మర్నాడే ఐసాక్ మామయ్య లారీలో వచ్చి నిన్ను తీసుకుపోయాడు. అక్కడివరకూ నీకు తెలుసు. బెర్నడీన్‌కు ఈ ఊరు దాటితే ఎవరూ లేరు. ఎల్రాయ్ ఇక్కడే ఉండిపోయాడు. సంచీ కూడా వాడి దగ్గరే ఉండిపోయింది.

తర్వాత వాడి కాళ్ళకు ముఠావాళ్ళిచ్చిన కొత్త బూట్లు వచ్చాయి. బెర్నడీన్ వాటిని కిటికీలోంచి కిందికి విసిరేసింది. వాడు దిగి వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ వేసుకున్నాడు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి కాళ్ళు వాచి ఇంటికి వచ్చేసరికి వాడుండేవాడు కాదు. ఒకరోజు వరసలో నడుస్తూనే ఏడ్చేసింది. సలీ బూటా వెనక్కి తిరిగి, "ఎల్రాయ్‌ని నాకొదిలెయ్ చెల్లెమ్మా" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. తన తమ్ముడి మెకానిక్ షెడ్డులో పనికి కుదిర్చాడు. పొద్దున్నే తానే తలుపు కొట్టి, "లేరా దొరబాబూ, రాణీగారి రథం పాడైందట, నువ్వొస్తేగాని బాగవదట" అని లేపి తీసుకుపోయేవాడు. ఎల్రాయ్ చేతులకు గ్రీజు మరకలతో ఇంటికొస్తుంటే బెర్నడీన్ కడుక్కోనిచ్చేది కాదు, ముందు కాసేపు చూసుకునేది. వాడితోపాటు ఇంకో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కూడా షెడ్డు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మేం సంతోషించాం. ముఠావాళ్ళు చూస్తూనే ఉన్నారు.

ఉన్నట్టుండి ఎల్రాయ్ షెడ్డుకు రావడం మానేశాడు.

జూలైలో, బడి తెరిచిన వారం. బెర్నడీన్‌కు పొద్దుటి షిఫ్టు పడి ఆరోజు రాలేదు. రాత్రంతా వాన కురిసి మైదానం బురదగా ఉంది. టామ్‌లిన్ సలీ బూటా చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడుస్తోంది. మూతపడ్డ లైబ్రరీ గోడ దగ్గర ఎల్రాయ్ నిలబడి ఉన్నాడు. సలీ బూటా మొహం వెలిగిపోయింది.

"ఏరా, కనపడకుండా పోయావు! షెడ్డులో నీ కప్పు ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదురా మా తమ్ముడు. రా, వీళ్ళను దించేసి టీ తాగుదాం."

వాడు జేబులోంచి తుపాకీ బయటికి తీశాడు.  దూరంనుంచి నాకు కూడా కనపడింది, కర్ట్‌లీ.

సలీ బూటా అరవలేదు, పరిగెత్తలేదు. టామ్‌లిన్ చెయ్యి వదిలించుకుని, దాన్ని వెనక్కి నా వైపు నెట్టి, మామూలు గొంతుతో అన్నాడు: "ఇక్కడొద్దురా అబ్బాయ్. పిల్లలున్నారు. అలా పక్కకు పద, మాట్లాడుకుందాం." అని తానే ముందు నడిచాడు. పిల్లలకు దూరంగా, గోడ చివరికి. ఎల్రాయ్ ఏడుస్తూ ఆయన వెంట వెళ్ళాడు. "వాళ్ళు నన్ను చంపేస్తారు బూటా" అనడం విన్నాను. "తెలుసురా, తెలుసు" అని ఆయనంటున్నాడు. నేను పిల్లలందరినీ బురదలో పడుకోమని అరిచాను. పడుకున్నారు. వాళ్ళకు అలవాటే కదా. నేను టామ్‌లిన్ మీద పడుకున్నాను.

శబ్దం అయ్యాక తలెత్తాను. ఎల్రాయ్ నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను. వాడు తుపాకీని ఒంటికి దూరంగా, కాలే గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుని పరిగెత్తాడు.

ఇదీ నాన్నా సంగతి. సలీ బూటా లేడు. పోయిన ఉత్తరంలో ఆయన నిన్ను అడిగాడని రాశాను, అప్పటికే ఆయన్ని మట్టిచేసి వచ్చాం. నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

పోలీసులు వచ్చి బ్లాకు బ్లాకూ తిరిగారు. ఒకామె కిటికీ తెరలు వేసి ఉన్నాయంది. ఒకాయన స్నానం చేస్తున్నానన్నాడు. నేను పిల్లల్ని చూసుకుంటున్నాను, ఏమీ కనపడలేదన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! దాంతో వరస ఆగిపోయింది. మైదానానికి ఇవతలి పిల్లలు ఇళ్ళల్లోనే కూర్చున్నారు. బెర్నడీన్ నాకు ఎదురుపడకుండా మెట్లు దిగేది, నేను ఆమెకు ఎదురుపడకుండా ఎక్కేదాన్ని.

ఆ తర్వాత డిటెక్టివ్ ఒకామె మళ్ళీ వచ్చింది. మంచి మనిషి. టామ్‌లిన్ ముందు మోకాళ్ళమీద కూర్చుని, "నువ్వు ముందు నడిచావట కదా తల్లీ, ఎవర్ని చూశావు?" అంది. మన పిల్ల నా మొహంలోకి చూసింది. చూసి, "నేనేం చూడలేదు. కళ్ళలో బురద పడింది" అంది. ఎనిమిదేళ్ళది, కర్ట్‌లీ. నేను దానికి నేర్పలేదు. ఆమె వెళ్ళాక "సరిగ్గా చెప్పానా అమ్మా?" అని నన్ను అడిగింది.

ఆ మధ్యాహ్నం నేను బెర్నడీన్ తలుపు కొట్టాను. పోలీసుల దగ్గరికి వెళ్ళేముందు ఆమెకు చెప్పకుండా వెళ్ళలేకపోయాను. స్టవ్ మీద టమాటా మాంసం కూర అడుగంటి మాడుతోంది, ఆమె పక్కనే నిలబడి ఉంది, దించలేదు. నేనే దించాను.

"రేపు స్టేషనుకు వెళ్తున్నా బెర్నడీన్."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు."

ఆమె గరిటె నా మీదికి విసిరింది. గోడకు తగిలింది. "ఎల్రాయ్ నీ పాలు తాగాడే! నేను ఆసుపత్రిలో పడి ఉంటే నీ రొమ్ముకు ఒకపక్క నీ కొడుకు, ఇంకోపక్క నా కొడుకు! మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"నీ కొడుకును లారీ ఎక్కించి పంపావు. నాకెవరున్నారే లారీ పంపడానికి? ఇప్పుడు నావాణ్ణి జైలుకు పంపుతావా?"

 ఆమె కుర్చీలో కూలబడింది.  "ఆరోజు ఇంటికొచ్చి బట్టలతోనే షవర్ కింద నిలబడ్డాడు. నీళ్ళు చల్లబడిపోయినా రాలేదు. నేనే టవల్ చుట్టి తీసుకొచ్చా. నేనేమీ అడగలేదు, వాడేమీ చెప్పలేదు" అంది. తర్వాత, "నా ఇంట్లోంచి పో మెర్ల్" అంది. వచ్చేశాను.

నేను స్టేషనుకు వెళ్ళి చూసిందంతా చెప్పాను. కింద సంతకం చేశాను. ఇదే ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచింది. ఎల్రాయ్‌ని పట్టించింది ఎవరో ముఠావాడు కాదు, పోలీసుల తెలివీ కాదు. మీ అమ్మ. నీతో ఒకే దుప్పట్లో పడుకున్నవాణ్ణి, నేను స్నానం చేయించినవాణ్ణి, నా నోటితో పేరు పెట్టి చెప్పాను. కోపం వస్తే తెచ్చుకో. నీకా హక్కుంది.

అయితే పోలీసులకు వాడు దొరకలేదు. ముఠావాళ్ళు ఎక్కడో దాచారు. నన్ను ఇంట్లోంచి పొమ్మన్నదీ, ఆఖరికి వాడెక్కడున్నాడో చెప్పిందీ బెర్నడీనే. ముఠాలో ఎవరో తాగి వాగారట, 'ఏడ్చే కుర్రాళ్ళు నోరు విప్పుతారు, వాడు ఎక్కువకాలం ఉండడు' అని. అది ఆమె చెవిన పడింది. నారింజరంగు కోటు తొడుక్కుని, నడివీధిలో అందరూ చూస్తుండగా స్టేషనుకు నడిచి వెళ్ళి వాడున్న చోటు చెప్పింది. పోలీసులు వెళ్ళేసరికి వాడొక గరాజులో తుపాకీ పక్కన పెట్టుకుని నిద్రపోతున్నాడట. వాణ్ణి బతికించుకోవడానికి ఆమెకున్న దారి అదొక్కటే. అయినా కాల్చింది వాడేనని ముందు పేరు చెప్పింది నేనేనని వీధిలో అందరికీ తెలుసు. కోర్టులో నిలబడి చెప్పాల్సింది కూడా నేనే.

పోయిన గురువారం కోర్టులో వాణ్ణి చూశాను. చొక్కా భుజాలమీంచి జారిపోతోంది, అంత చిక్కిపోయాడు. బయటికి తీసుకెళ్తుండగా నా పక్కనుంచే వెళ్ళాడు. తిడతాడేమో అనుకున్నాను. ఆగి, "ఆంటీ, కర్ట్‌లీకి తెలుసా?" అన్నాడు.

"ఇంకా తెలీదు బాబూ."

"చెప్పకండి ఆంటీ. నేను వేరే ఊరు పనికెళ్ళానని చెప్పండి."

పోలీసు వాణ్ణి ముందుకు తోశాడు. నేను సరేననలేదు, కాదనలేదు. ఇదిగో, ఇప్పుడు రాసేశాను. వాడి మాట కూడా దాటాను. టామ్‌లిన్‌ను అబద్ధంతో పెంచలేనని ఇదంతా చేసి, నిన్ను అబద్ధంతో ఉంచలేను కదా.

ఆ మర్నాడే నేను పనిచేసే బడి వంటగదికి ముందుపళ్ళు లేని పొడుగాటి కుర్రాడొకడు వచ్చాడు. నాకు తెలుసు వాణ్ణి, ముఠావాడు, పట్టపగలు నవ్వుతూ వచ్చాడు. మైదానం అవతలి పిల్లలకు గంజి పోస్తున్నాను.

"మెర్ల్ ఆంటీ, మీకు చూపు బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"అయ్యో. ఈ వయసులో మసకలు వస్తుంటాయి కదా, డాక్టరుకు చూపించుకోకపోయారా? వరసలో ఆ ముందు నడిచే పాప మీదేగా? భలే చురుకైన పిల్ల." గంజిలోంచి ఒక గరిటెడు తీసుకుని తాగి, "పంచదార సరిపోలేదు ఆంటీ" అని వెళ్ళిపోయాడు.

గిన్నె దించేసి ఇంటికి వచ్చేశాను. ఆ పనికి మళ్ళీ వెళ్ళలేదు.

డిటెక్టివ్‌కు చెప్పాను. రేపు పొద్దున్న నన్నూ టామ్‌లిన్‌నూ తీసుకెళ్ళడానికి బండి వస్తుంది. ఎక్కడికో నాకే చెప్పలేదు. కేసు ముగిసేదాకా అక్కడ ఉండాలి. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అక్కడ మాకు వేరే పేర్లుంటాయట. టామ్‌లిన్ అప్పుడే తనకొకటి ఎంచుకుంది, ఏమిటో నీకు రాయకూడదు. ఉత్తరాలు రాయకూడదు, అందుకోకూడదు. నిన్ను కూడా తీసుకురమ్మంటారా అని అడిగారు. వద్దన్నాను. నువ్వక్కడ నీ పేరుతో నువ్వున్నావు, నీ చేతిలో గొర్రెపిల్లలు పుడుతున్నాయి. దాన్ని చెడగొట్టను.

కాబట్టి సెప్టెంబరులో రావద్దు, నాన్నా. వచ్చినా ఇంట్లో మేముండం. ఇంటి తాళాలు ఆఫీసులో ఇచ్చేస్తున్నాను. మామయ్యకు విడిగా రాశాను, నిన్ను చూసుకుంటాడు. రాత్రి కోటు వేసుకుని పడుకో. అత్తయ్యకు ఎదురు చెప్పకు. ఎవరైనా వచ్చి సంచీ దాచమంటే ఆరోజు నాకు చెప్పినట్టే మామయ్యకు చెప్పు. అది నువ్వు చేసిన మంచిపని. దానివల్ల ఏం జరిగినా అది మంచిపని కాకుండా పోదు.

ఈ ఉత్తరాన్ని పోస్టు చేయడానికి నేను వీధిలోకి వెళ్ళకూడదన్నారు. కొట్టువాణ్ణి అడిగితే తల అడ్డంగా తిప్పాడు, భయం పాపం. బెర్నడీన్ తలుపు కిందనుంచి లోపలికి తోసి వెళ్తాను. కవరు అంటించను. చదివితే చదువుతుంది, చింపితే చింపుతుంది. నీ చిరునామా ఆమెకు నువ్వు వెళ్ళిన రోజునుంచీ తెలుసు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇది నీ చేతికి అందితే ఆమే పంపిందన్నమాట.

టామ్‌లిన్ నీకు ముద్దులు పంపుతోంది. నేను ఎన్ని పంపినా చాలవు.

ఇట్లు,
ఏ పేరుతో ఎక్కడున్నా నీ కన్నతల్లి,
అమ్మ.

*

కర్ట్‌లీ బాబూ,

చదివాను. రెండు రోజులు చింపుదామనే పెట్టుకున్నాను. మీ అమ్మ మీద నాకు కోపం పోలేదు, ఎప్పటికైనా పోతుందో లేదో తెలీదు. కానీ ఆమె రాసినదాంట్లో అబద్ధం లేదు. షవర్ సంగతి కూడా రాసింది, అది మాత్రం రాయకుండా ఉండాల్సింది.

బండి వచ్చినప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. టామ్‌లిన్ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మీ అమ్మ పైకి చూడలేదు.

నిన్నటినుంచి పిల్లల్ని మళ్ళీ మైదానం దాటిస్తున్నాను. నా వెంట ఇప్పటికి ఇద్దరు తల్లులే వచ్చారు. ముందు నేనే నడుస్తున్నాను. గోడ దగ్గరికి రాగానే కాళ్ళు ఆగిపోతున్నాయి, పిల్లలు లాక్కెళ్తున్నారు.

నెలలో మొదటి ఆదివారం ఎల్రాయ్‌ని చూడనిస్తారు. నువ్వు వాడికేమైనా రాయాలనుకుంటే నాకు పంపు, తీసుకెళ్ళి ఇస్తాను. రాయాలనిపించకపోతే మానెయ్, నేనేమీ అనుకోను. నువ్వు మాత్రం ఇటు రాకు.

ఇట్లు,
ఎల్రాయ్ అమ్మ.